బీపీకి ఊపిరి కండరాల వ్యాయామం పనిచేస్తుందా? మాత్రలు ఆపేయొచ్చా?

మీరు అడిగింది ఇది: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మీ నాన్నగారికి బీపీ ఉంది, మాత్రలు వాడుతున్నారు, మోకాళ్ల నొప్పులతో బీచ్ రోడ్డు వాకింగ్ మానేశారు, నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరంతో బీపీ తగ్గుతుందని ఎవరో చెప్పారు, అది కొని మాత్రలు ఆపేయొచ్చా అని.

మాత్రలు ఆపొద్దండి. పరికరం మాత్రం కొనొచ్చు. నేను గాజువాకలో ఉంటాను, నాకూ బీపీ ఉంది, నడుములో డిస్కు సమస్య వల్ల ఎక్కువసేపు నడవలేను, అందుకే మా డాక్టరుగారిని అడిగి ఇది మొదలుపెట్టాను, మాత్రలతో పాటే ఇప్పటికీ చేస్తున్నాను.

ఇందులో ఉన్న పని ఒక్కటే, అడ్డు ఉన్నా గాలిని బలంగా లోపలికి లాగడం. కొబ్బరిబోండం తాగుతుంటే స్ట్రాకి లేత మీగడ అడ్డం పడినప్పుడు ఎలా పీలుస్తామో అలా ఉంటుంది. వదిలేటప్పుడు అడ్డేమీ ఉండదు. డయాఫ్రమ్ (ఛాతీకి, పొట్టకి మధ్య ఉండే ఊపిరి కండరం), పక్కటెముకల మధ్య కండరాలు దీంతో గట్టిపడతాయి. ఒకప్పుడు ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ల కోసం వాడిన పద్ధతే ఇది. బీపీ విషయంలో అందరి దృష్టీ దీని మీద పడింది 2021లో, అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు 50 నుంచి 79 ఏళ్ల మధ్య వయసున్న 36 మందితో చేసిన పరిశోధన బయటికి వచ్చాక. రోజుకి 30 సార్లు, వారానికి ఆరు రోజులు, ఆరు వారాలు, అదీ వాళ్లు లాగగలిగిన గరిష్ఠ బలంలో ముప్పావు వంతు దాకా పెట్టి చేయిస్తే బీపీ రీడింగులో పై నంబర్ సగటున 9 పాయింట్లు తగ్గింది. అడ్డు బాగా తక్కువ పెట్టి చేసినవాళ్లలో ఆ మార్పు రాలేదు. రక్తనాళాల లోపలి పొర పనితీరు కూడా మెరుగైంది, నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారై నాళాలు బాగా వ్యాకోచించడమే అందుకు కారణం అంటారు.

9 అంటే చిన్న తగ్గుదల కాదు, ఒక బీపీ మాత్ర ఇచ్చేదానికి దగ్గరగా ఉంటుంది. కానీ 36 మందిని ఆరు వారాలు చూసిన ఫలితం అది. మాత్రలు పక్షవాతాన్ని, గుండెపోటుని తగ్గిస్తాయని వేలమందిని ఏళ్ల తరబడి చూసి తేల్చారు. ఈ రెండూ సమానమని చెప్పి మీ నాన్నగారి చేత మాత్రలు మాన్పించడం నాకు భయంగా ఉంది, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

కొనేటప్పుడు జాగ్రత్త. కోవిడ్ టైములో చాలా ఇళ్లలోకి వచ్చిన మూడు బంతుల స్పైరోమీటర్ ఇది కాదు. నేను ఒక సర్జికల్ షాపులో అడిగితే అదే చేతిలో పెట్టి "రెండూ ఒకటేనండి" అన్నారు. ఒకటి కాదు. బంతులది గాలి ఎంత బాగా పీలుస్తున్నామో చూపిస్తుంది, ఆపరేషన్లయ్యాక ఊపిరితిత్తులు బాగా తెరుచుకోవడానికి ఇస్తారు. మనకి కావాల్సిన దాంట్లో స్ప్రింగు వాల్వు ఉంటుంది, మనం పెట్టుకున్నంత బలంతో లాగితేనే తెరుచుకుంటుంది, తిప్పి బిగించే కొద్దీ అడ్డు పెరుగుతుంది. "ఇన్‌స్పిరేటరీ మజిల్ ట్రైనర్" అని అడగండి.

చేసే పద్ధతి: కుర్చీలో నిటారుగా కూర్చుని, ముక్కుకి క్లిప్పు పెట్టి, గాలి మొత్తం వదిలేసి, ఒక్కసారిగా బలంగా లాగి, నెమ్మదిగా వదలాలి. ఆరుసార్లు లాగి ఒక నిమిషం ఆగండి, అలా అయిదు విడతలు. మొదట్లో తేలిగ్గా పెట్టి వారం వారం కొంచెం పెంచండి. తల తిరిగినట్టుంటే ఆపేయాలి, గబగబా పీల్చడం వల్ల అలా అవుతుంది. నాకు మొదట్లో ఛాతీ పక్కన కండరాలు పట్టేసినట్టుండేవి, తర్వాత పోయింది. కానీ ఛాతీ మధ్యలో నొప్పి గానీ ఆయాసం గానీ వస్తే అది వేరే సంగతి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ మధ్య ఛాతీకో పొట్టకో ఆపరేషన్ అయినా, కర్ణభేరి చిల్లుపడినా, ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, డాక్టర్ సరే అనకుండా అసలు ముట్టుకోవద్దు. ప్రాణాయామం అలవాటుంటే మెల్లగా చేసేవి కొనసాగించవచ్చు, ఊపిరి బిగపట్టేవీ కపాలభాతీ మాత్రం బీపీ ఉన్నవాళ్లకి వద్దంటారు.

నాకు కొన్ని వారాలకి పై నంబర్ కాస్త దిగింది, కానీ అదే సమయంలో ఆవకాయ, ఎండుచేపలు బాగా తగ్గించాను కాబట్టి ఎంత దేనివల్లో విడదీసి చెప్పలేను. ఉప్పు మొత్తం రోజుకి 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మన ఇళ్లలో పచ్చళ్లు, అప్పడాలు, ఎండుచేపలతో అది సులువుగా దాటిపోతుంది.

ఫలితం తెలియాలంటే కొలత సరిగ్గా ఉండాలి. మెట్లెక్కి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ వచ్చి చూస్తే ఆ నంబర్ దేనికీ పనికిరాదు. అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టండి, వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనేలా, చేయి గుండె ఎత్తులో టేబుల్ మీద ఉండాలి, అరగంట ముందు నుంచి కాఫీ వద్దు. మాట్లాడించకుండా రెండుసార్లు చూసి రెండూ రాయండి. వ్యాయామం మొదలుపెట్టక ముందు వారం రీడింగులు కూడా ఉంచుకోండి. ఆ పుస్తకం డాక్టర్‌కి చూపిస్తే, డోసు తగ్గించాలో అలాగే ఉంచాలో ఆయనే చెప్తారు.