విశ్వాసమా, క్రియలా?

ప్రశ్న: గోదావరికి వరద వచ్చినప్పుడల్లా మా నాన్నగారు లంక గ్రామాలకు పడవలో బియ్యం చేరవేసేవారు. విశ్వాసం వల్లనే నీతిమంతులమవుతామని మా కాపరిగారు బోధిస్తారు. యాకోబు పత్రిక క్రియలు కావాలంటుంది. ఏది సరి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, మీ కాపరిగారి బోధకు ఆధారమైన పత్రికలు రాసిన అపొస్తలుడు పౌలూ, యాకోబూ ఇద్దరూ చూపేది అబ్రాహామునే కనుక, ఆయన జీవితంలో ఏది ముందు జరిగిందో చూడండి. ఆదికాండం 15వ అధ్యాయంలో, సంతానం లేని ఆ వృద్ధుడు, నక్షత్రాలను చూపించి దేవుడు చేసిన వాగ్దానాన్ని నమ్మగా, ఆ నమ్మకమే ఆయనకు నీతిగా ఎంచబడింది. సున్నతి 17వ అధ్యాయంలో గాని రాదు, ఇస్సాకును బలిపీఠంపై ఉంచడం 22వ అధ్యాయంలోని సంగతి. రోమా పత్రిక 4వ అధ్యాయంలో పౌలు వాదమంతా ఈ వరుస మీదే నిలిచింది: దేవుడు మనలను నీతిమంతులుగా తీర్చేది క్రీస్తును బట్టి, ఉచితంగా. యాకోబు మందలించినది, ఆకలితో వచ్చిన సహోదరుణ్ణి వట్టి దీవెనతో పంపించివేసేవారిని. యాకోబు పత్రికను ప్రొటెస్టంట్ సంస్కరణకు నాంది పలికిన మార్టిన్ లూథర్ తక్కువ చేసి మాట్లాడటం నాకు సమ్మతం కాదు. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్, కతోలిక సంఘాలు సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన కూడా సత్క్రియలను కృపకు ఫలంగానే చెప్పింది. మీ నాన్నగారి సేవ రక్షణకు వెల కాదు, అలాగని వ్యర్థమూ కాదు; ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయాన్ని, రక్షణ క్రియల వల్ల కాదనే 9వ వచనంతో ఆపకుండా, సత్క్రియల కోసమే మనం సృజించబడ్డామనే 10వ వచనం కూడా చదవండి.