కార్బన్ పైపులో ముందు ఓడేది రెజినే

ప్రశ్న: మాది గాజువాక. నా దగ్గర పదిహేనేళ్ల నాటి టర్బో పెట్రోల్ కారు ఉంది. ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే రబ్బరు గొట్టం పగిలింది. ఎలాగూ విప్పుతున్నాం కదా అని ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కి పంపే వేడి గాలిని చల్లబరిచేది) పైపులు కూడా కార్బన్ ఫైబర్‌తో ఇంట్లోనే చేసుకోవాలనుకుంటున్నాను. థర్మకోల్ అచ్చు మీద కార్బన్ గుడ్డ చుట్టి ఎపాక్సీ పూయడం నేర్చుకున్నాను. బూస్ట్ (టర్బో అదనంగా పెంచే గాలి ఒత్తిడి) 1 బార్. పైపు తట్టుకుంటుందా? బరువు తగ్గి, గాలి చల్లగా అందుతుందంటున్నారు, నిజమేనా?

జవాబు: పైపు పగులుతుందన్న భయం వదిలేయండి. రెండున్నర అంగుళాల పైపు, ఒకటిన్నర మిల్లీమీటరు మందం అనుకుంటే, 1 బార్ దగ్గర గోడ మీద పడే లాగుడు చదరపు మిల్లీమీటరుకు 2 న్యూటన్లే. సరిగ్గా చుట్టిన కార్బన్ వందల న్యూటన్లు మోస్తుంది.

నా భయమంతా వేడి గురించే. మండు వేసవిలో 42 డిగ్రీల గాలిని టర్బో రెట్టింపు ఒత్తిడికి నొక్కితే, కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) సామర్థ్యం 70 శాతమనుకున్నా, బయటికొచ్చే గాలి 140 డిగ్రీల దగ్గర ఉంటుంది. కార్బన్ పోగుకు అదొక లెక్క కాదు. పోగుల్ని పట్టి ఉంచే రెజిన్ మాటేమిటి? గది వేడిలో ఆరబెట్టిన మామూలు ఎపాక్సీ 55–70 డిగ్రీలకే మెత్తబడడం మొదలుపెడుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. బాలానగర్‌లో షాపు పెట్టిన కొత్తలో ఒక కారుకు టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా కార్బన్ పైపు చేసిచ్చాను. అద్దంలా మెరిసింది. నెల తిరక్కుండానే శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా హోస్ ఊడిపోయింది. కారు నల్లటి పొగ కక్కుతూ ఆగిపోయింది. విప్పి చూస్తే, క్లిప్పు బిగించిన చోట పైపు లోపలికి నొక్కుకుపోయి గుండ్రతనమే పోయింది. కారులో పిల్లలున్నారు. వెనక లారీలున్నాయి. ఆ పైపు ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంటుంది. ఎవరైనా హాట్ సైడ్‌కు, అంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా, కార్బన్ అడిగితే ముందు దాన్నే చేతిలో పెడతాను.

కాబట్టి టర్బో నుంచి ఇంటర్‌కూలర్ వరకు అల్యూమినియమే ఉంచండి. అక్కడ గాలి వేడి కాస్త బయటికి పోవడమే మనకు కావాలి కూడా.

ఇంటర్‌కూలర్ నుంచి థ్రాటిల్ (ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత) దాకా కార్బన్ వేయొచ్చు, కానీ 120 డిగ్రీలు దాటినా గట్టిగా ఉండే రెజిన్ కావాలి. దాన్ని ఓవెన్‌లో గంటకు పది, పదిహేను డిగ్రీల చొప్పున మెల్లగా పెంచుతూ కాల్చాలి. ఇంట్లో ఆ వసతి లేకపోతే ఈ పైపు జోలికి వెళ్లకండి. చల్లదనం మాట కొంతవరకే నిజం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మీటరున్నర పైపును గాలి దాదాపు సెకనులో పదో వంతులో దాటేస్తుంది. అంతలో అది వేడెక్కేదెంత? ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్లేటప్పుడు మాత్రం అల్యూమినియం బానెట్ కింది వేడిని పీల్చుకున్నంతగా కార్బన్ పీల్చుకోదు. ఇక బరువు: మీటరున్నర అల్యూమినియం పైపు కిలో పైచిలుకు, అదే కొలతలో కార్బన్ ముప్పావు కిలో లోపు. మిగిలేది అరకిలో.

అంచుల దగ్గర మీరు ఎంత శ్రద్ధ పెడితే అంత మంచిది. 1 బార్ బూస్ట్‌లో హోస్‌ను ఊడదీయాలని చూసే బలం 32 కిలోల బరువుకు సమానం. నున్నటి కార్బన్ అంచు మీద క్లిప్పు నిలవదు, చుట్టూ చిన్న గట్టు ఉండాలి. గట్టున్న అల్యూమినియం రింగు లోపల అంటిస్తే బాగుంటుంది. అయితే మీది ఉప్పుగాలి ఊరు. కార్బన్, అల్యూమినియం నేరుగా తాకి తేమ చేరితే అల్యూమినియం తుప్పుపట్టి తినుకుపోతుంది. రెండింటి మధ్య ఒక పొర గ్లాస్ ఫైబర్ గుడ్డ తప్పనిసరి.

మీ అసలు అవసరం ఫిల్టర్ నుంచి టర్బోకు వెళ్లే గొట్టం. సంతోషంగా చేసుకోండి! అక్కడ లోపల నడిచేది బయటి గాలే. ఒత్తిడి బదులు పీల్పు ఉంటుంది, గొట్టం అప్పడంలా అతుక్కోకుండా గట్టిగా ఉంటే చాలు. కానీ ఇక్కడా ఇంట్లో ఆరిన ఎపాక్సీని అలాగే బిగించకండి, బానెట్ కింది వేడి తక్కువేం కాదు. 80–100 డిగ్రీలకు కాల్చదగిన రెజిన్ తీసుకుని, తయారీదారు చెప్పినట్టే కాల్చండి. టర్బో వైపు చివర ఒక జానెడు సిలికాన్ హోస్ వదలండి. ఎయిర్ ఫ్లో సెన్సర్ కూర్చునే ముక్క మాత్రం పాతదే వాడండి, లోపలి వ్యాసం కాస్త మారినా పెట్రోల్ లెక్క తప్పుతుంది.

థర్మకోల్ అచ్చుకు ముందు బ్రౌన్ ప్యాకింగ్ టేపు నున్నగా చుట్టండి. పైపు గట్టిపడ్డాక అసిటోన్ పోస్తే థర్మకోల్ కరిగిపోతుంది, టేపు లాగేస్తే లోపల నునుపుగా వస్తుంది. ఆ తర్వాతే కాల్చండి. లోపల వేలు పెట్టి అంతా తడమండి. ఊడే రెజిన్ పెచ్చు ఒక్కటి మిగిలినా, నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే కంప్రెసర్ చక్రానికి అది రాయితో సమానం. కోసేటప్పుడు, రుద్దేటప్పుడు మాస్కు వేసుకోండి, తడిపి రుద్దండి.

థ్రాటిల్ వైపు పైపు ఎప్పుడైనా చేయిస్తే గాలి కొట్టి పరీక్షించవద్దు. నీళ్లు నింపి, ప్లంబర్లు వాడే చేతి పంపుతో 3 బార్ వరకు ఎక్కించి పావుగంట ఉంచండి. నీటితో అయితే పగిలినా పేలదు. మూతల్ని మాత్రం గట్టిగా కట్టాలి, 3 బార్ దగ్గర ఒక్కో మూత మీద సుమారు 95 కిలోల తోపు ఉంటుంది.

ప్రశ్న: మార్కెట్లో కొన్న కార్బన్ పైపు అసలుదో, పైన డిజైన్ వేసిందో ఎలా తెలుస్తుంది?

జవాబు: కోసిన అంచు చూడండి. అసలుదైతే లోపలి దాకా నల్లటి పొరలు కనిపిస్తాయి. అనుమానం తీరకపోతే అంచును కొద్దిగా గీకి మల్టీమీటర్ రెండు మొనలూ ఆనించండి. కార్బన్ కరెంటును పోనిస్తుంది, డిజైన్ ముద్రించిన ప్లాస్టిక్ పోనివ్వదు. అల్యూమినియం మీద స్టిక్కర్ అతికించింది కూడా పోనిస్తుంది గానీ, గీకగానే తెల్లటి మెరుపు బయటపడుతుంది.