తోడికోడలి స్టేటస్ చూస్తే నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో అద్దెకుంటున్నాం. మా మరిది వాళ్లు వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొన్నారు. అప్పట్నుంచీ తోడికోడలు నగ కొన్నా, హోటల్‌కెళ్లినా, పాపకి బహుమతి వచ్చినా వాట్సాప్ స్టేటస్‌లో, ఇన్‌స్టాలో పెడుతోంది. ఊళ్లో అత్తయ్య అవి చూసి ‘చిన్నోడు బాగా స్థిరపడ్డాడు’ అంటారు. రాత్రి పడుకునే ముందు అవి చూడటం, ఆ తర్వాత మా ఆయనతో గొడవ. మొన్న ఫ్యామిలీ గ్రూపులో ‘అన్నీ అందరికీ చూపించుకోవాలా?’ అని రాసేశాను. అప్పట్నుంచీ ఆమె మాట్లాడటం లేదు. బ్లాక్ చేసేయనా? – ఒక సోదరి

జవాబు: బ్లాక్ వద్దమ్మా. మీ ఫొటో కనపడక, పంపిన మెసేజ్‌కి రెండో టిక్ పడకపోతే ఆమెకి ఇట్టే అర్థమవుతుంది. ఆ మాట అత్తయ్య దాకా వెళ్తుంది. మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. వాట్సాప్ అప్‌డేట్స్‌లో ఆమె స్టేటస్ మీద వేలు నొక్కి పట్టుకుంటే మ్యూట్ వస్తుంది, ఐఫోన్ అయితే పక్కకి జరపాలి. ఇన్‌స్టాలో ఆమె పేజీకెళ్లి ‘ఫాలోయింగ్’ నొక్కండి. అక్కడ పోస్టులకీ స్టోరీలకీ మ్యూట్ విడివిడిగా ఉంటుంది. చాలామంది పోస్టులొక్కటే ఆపి, స్టోరీలు ఇంకా వస్తున్నాయేమిటని విసుక్కుంటారు.

మ్యూట్ చేశాక కూడా రెండు మూడు రోజులకి చెయ్యి ఊరుకోదు, పేరు వెతికి మరీ చూడాలనిపిస్తుంది. మీకిది రాత్రి పూట అలవాటు కాబట్టి చార్జర్‌ని పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి. అలారానికి విడిగా గడియారం కొనుక్కోండి. లేకపోతే ‘అలారం కోసం’ అంటూ ఫోన్ మళ్లీ దిండు పక్కకి చేరుతుంది.

ఇక అసలు సంగతి. అంబానీల ఇంటి పెళ్లి ఫొటోలు మీరూ చూసే ఉంటారు, వాటికి మీ నిద్ర చెడలేదు. మనిషి తనని తాను కొలుచుకునేది తనలాంటి వాళ్లతోనే అని లియాన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త 1954లోనే చెప్పాడు. ఒకే ఇంటి కోడళ్లు, ఒకే ఊరు, ఒకే అత్తగారు. గుచ్చుకోక ఏం చేస్తుంది? మీది అసూయ అని నేననను. అయితే వాళ్ల ఈఎంఐ ఎంతో, అప్పు ఎంతో ఊహించుకుని ఊరట పొందకండి. అప్పుడూ మీ తలలో తిరిగేది ఆమే.

దాని బదులు ఒక కాగితం తీసుకుని, ఈ మధ్య ఆమె పెట్టిన వాటిలో గుర్తున్న పది రాయండి. నిజంగా బాధపెట్టినవాటి పక్కన టిక్ పెట్టండి. నగలూ హోటళ్లూ బహుశా పక్కకి పోతాయి. నా అంచనా, మిగిలేది ఇల్లూ అత్తయ్య మాటా.

ఇల్లయితే లెక్కలోకి దిగండి. 30 నుంచి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదు. అంటే 60 లక్షల ఫ్లాట్‌కి మీ చేతిలో 12 లక్షలుండాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ దానికి అదనం. ఆదివారం పొద్దున ఆయనతో కూర్చుని, ఇప్పుడెంత ఉంది, నెలకెంత పక్కన పెట్టగలం అన్న రెండు ప్రశ్నలే వేయండి. రాత్రి పదకొండింటికి, చేతిలో ఆమె ఫొటో పట్టుకుని ఇదే మాటెత్తితే ఆయనకి వినపడేది ‘నువ్వు చేతకానివాడివి’ అన్న మాటే. మీ గొడవలకి మూలం అక్కడుంది.

అత్తయ్య దగ్గర తోడికోడలి ఊసు వద్దు. ‘మీరలా అన్నప్పుడు ఈయన్ని తక్కువ చేసినట్టు అనిపిస్తోందత్తయ్యా’ అని ఒక్కసారి, నెమ్మదిగా చెప్పండి.

తోడికోడలికి మెసేజ్ కాదు, ఫోన్ చేయండి. ‘అందరి ముందు అలా రాసుండాల్సింది కాదు, తప్పు నాదే’ అనండి. ‘కానీ నువ్వు కూడా...’ అని మొదలెడితే ఆ క్షమాపణ చెల్లదు. అన్నది గ్రూపులో కాబట్టి ఫోన్ అయ్యాక అక్కడా ఒక వాక్యం పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా రెండు వారాలకి మించి నిద్ర పట్టకపోయినా, ఆకలి తగ్గినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ అది, ఏ వేళైనా ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్ వదల్లేకపోవడమే పెద్ద ఇబ్బందిగా మారితే, మీ బెంగళూరులోనే నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థలో దానికోసమే ‘షట్’ క్లినిక్ ఉంది.