నొప్పి బిళ్ల మానలేరు, నీరసం తగ్గదు

ప్రశ్న: మా వారు గుంటూరు మిర్చి యార్డులో గుమస్తా. నడుం నొప్పికి మూడేళ్లుగా ట్రమడాల్ బిళ్లలు వాడుతున్నారు. పాత చీటీ చూపిస్తే షాపులో ఇచ్చేస్తున్నారు. ఎంత పడుకున్నా నీరసమే. కాటా దగ్గర టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క రాస్తూనే కునుకు తీస్తున్నారట. ఒకపూట బిళ్ల మానితే చెమటలు, ఆవులింతలు, కాళ్లు లాగడం. బద్ధకమని ఇంట్లో అందరూ తిడుతున్నారు.
– ఒక సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఆ తిట్లు ఆపించండమ్మా. అది బద్ధకం కాదు. ట్రమడాల్ నల్లమందు తరహాలో పనిచేసే మందు. 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. అలాంటిదాన్ని పాత చీటీ మీద ఇస్తున్నారంటే నాకు కోపం వస్తోంది. ఏళ్ల తరబడి వాడితే మగత, మలబద్ధకం ఉంటాయి, నిద్రలో శ్వాస కుంటుపడొచ్చు, మగవాళ్లలో టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోన్ తగ్గొచ్చు. నీరసానికి ఇవే చాలు. అయినా హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చూపించండి.

ఆ చెమటలు, ఆవులింతలు ఒంటికి మందు అలవాటైందనడానికి గుర్తులు. అందుకే బిళ్లలు దాచేసి ఒక్కసారిగా మాన్పించకండి. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. డిప్రెషన్ మందులు వాడుతుంటే తప్పక చెప్పండి, ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ రావచ్చు. మద్యం, నిద్రమాత్రలు అసలు వద్దు, ఊపిరికే ప్రమాదం.

గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. 'నాకేమైనా పిచ్చా?' అంటారేమో, ఇలాంటి మందుల అలవాటు తప్పించడం వాళ్ల పనేనని చెప్పండి. వాడిన స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకెళ్లండి. నడుముకి ఫిజియోథెరపీ కూడా అడగండి.