చుక్క పడ్డచోట లీకు ఉండదు

ప్రశ్న: మా కారుకి పదకొండేళ్లు. రెండు నెలలుగా పవర్ స్టీరింగ్ ఆయిల్ తగ్గిపోతోంది. పదిహేను రోజులకోసారి పోస్తున్నాను. ఇంజన్ కింద ఎర్రటి మరక పడుతోంది. బండి పార్కింగ్ చేసేటప్పుడు స్టీరింగ్ తిప్పితే మూలుగులాంటి చప్పుడు. నాన్నగారేమో "పోస్తూ ఉంటే సరిపోదా?" అంటారు. చిన్న రిపేర్లు నేనే చేసుకుంటాను. దీన్ని ఇంట్లో బాగుచేయొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: కొన్ని లీకులైతే చేసుకోవచ్చమ్మా. నాన్నగారికి మాత్రం ఒక్క మాట చెప్పండి. ఆయిల్ తగ్గితే దాన్ని ఒత్తిడితో నెట్టే పంపు గాలి పీలుస్తుంది, ఆ మూలుగు దానిదే. అలాగే నడిపితే పైపుతో పోయే పని పంపుదాకా వస్తుంది. పైగా కారిన ఆయిల్ కాలుతున్న ఎగ్జాస్ట్ గొట్టం మీద పడితే అంటుకోవచ్చు కూడా.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఓ బండికి పంపు అడుగున తడి చూసి పంపే మార్చేశాను. మర్నాడు మళ్లీ అక్కడే చుక్క! తీరా చూస్తే, పైనున్న ఆయిల్ డబ్బా దగ్గర రబ్బరు పైపు క్లిప్పు వదులుగా ఉంది. ఆయిల్ పైపు వెంట జారి పంపు అడుగున చేరేది. మా మేస్త్రి తిట్టలేదు. ఓ గుడ్డ చేతికిచ్చి "తుడువు" అన్నాడంతే.

మీరూ తుడవడంతోనే మొదలుపెట్టండి. ఇంజన్ చల్లారాక డబ్బా, పైపులు, పంపు శుభ్రం చేసి, కింద ఓ అట్ట పరవండి. ఇంజన్ స్టార్ట్ చేసి ఇంకొకరిచేత స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పించండి. కొసన ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచొద్దు, ఒత్తిడి ఎక్కువయ్యేది అక్కడే. ఆ సమయంలో టార్చి వేసి చూడండి గానీ చేత్తో తడమకండి. సన్నటి చిల్లులోంచి చిమ్మే ఆయిల్ చర్మంలోకి దిగిపోగలదు. ఇంజన్ ఆపాక తెల్ల టిష్యూతో ఒక్కో జాయింటూ అద్ది చూడండి. అన్నిటికన్నా పైన ఎక్కడ తడి అంటితే దొంగ అక్కడున్నట్టు.

క్లిప్పులతో డబ్బాకి బిగించి ఉన్న రబ్బరు పైపులు తక్కువ ఒత్తిడివి. ఇవి మీరు చేసుకోవచ్చు. కింద ట్రే పెట్టి పైపు ఊడదీయండి. కొస గట్టిపడి చీలి ఉంటే, పొడవు చాలితే అరంగుళం కోసేసి కొత్త స్క్రూ క్లిప్పు వేయండి. మరీ బిగిస్తే అదే రబ్బరును కోసేస్తుంది. పైపే మార్చాల్సి వస్తే పవర్ స్టీరింగ్‌కని చేసినదే వాడండి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క ఆయిల్‌కి ఉబ్బి మెత్తబడిపోతుంది.

పంపు నుంచి స్టీరింగ్ ర్యాక్‌కి, అంటే ముందు చక్రాలను తిప్పే భాగానికి వెళ్లే, ఇనుప కొసలున్న పైపు సంగతి వేరు. టైరులో ఒత్తిడి 30 పీఎస్ఐ చిల్లర ఉంటే ఇందులో 1000 దాటుతుంది. టేపులు, జిగుర్లు, క్లిప్పులు ఏవీ దాని ముందు నిలవవు. నట్టు దగ్గర తడి ఉంటే వాషరో ఓ-రింగో మార్చాలి. పైపు మధ్యలో ఉంటే పైపంతా మార్చాలి. చెయ్యి తిరగకపోతే ఇది మెకానిక్‌కే వదిలేయండి.

ఏ ఆయిల్ పోయాలో మూత మీద గానీ మాన్యువల్‌లో గానీ ఉంటుంది. ఎరుపే కదా అని ఏదో ఒకటి పోయొద్దు, కలపొద్దు.

ఇక ఆయిల్‌లో చేరిన గాలి తీయడం. చాలామంది వదిలేసేది ఇదే. ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్ముకోవద్దు. ఇంజన్ ఆపే ఉంచి స్టీరింగ్ మెల్లగా పదిహేను ఇరవై సార్లు అటూ ఇటూ తిప్పుతూ, ఆయిల్ తగ్గినప్పుడల్లా పోయండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయండి. నురగ కనిపిస్తే ఆపేసి, ఓ గంట ఆగి మళ్లీ చూడండి.

లీకు ఆపుతామనే సీసా మందులు రబ్బరు సీళ్లను కాస్త ఉబ్బిస్తాయి. చిరిగిన పైపుకి అవేం చేస్తాయి?

రెండ్రోజులు అట్ట అక్కడే ఉంచండి. పైపులన్నీ పొడిగా ఉండి కూడా ఆయిల్ తగ్గుతుంటే, ర్యాక్ రెండు కొసలా ఉన్న ముడతల రబ్బరు తొడుగులు నొక్కి చూడండి. లోపల ఆయిల్ కదిలిందా, ర్యాక్ సీలు పోయినట్టే. అప్పుడు బండి వర్క్‌షాపుకే.