కొత్త సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్ రాగానే హోస్టింగ్ సంస్థలు (వెబ్‌సైట్లను తమ సర్వర్లలో ఉంచి నడిపేవి) దానికి మారిపోవాలా?

వెంటనే అక్కర్లేదు. హోస్టింగ్ సర్వర్‌లో కంట్రోల్ ప్యానెల్ (సైట్లను, ఖాతాలను నిర్వహించే సాఫ్ట్‌వేర్), పీహెచ్‌పీ (చాలా సైట్లు వాడే ప్రోగ్రామింగ్ భాష), డేటాబేస్, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అన్నీ ఆ సిస్టమ్ మీదే నడవాలి. కనీసం కంట్రోల్ ప్యానెల్ తయారీదారు అధికారికంగా మద్దతు ప్రకటించేవరకైనా ఆగండి.

సర్వర్లలో వాడే ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్‌నే చూడండి: 24.04 వెర్షన్ 2024 ఏప్రిల్‌లో వచ్చింది. కానీ 22.04 వాడుతున్న సర్వర్లకు అప్‌గ్రేడ్ సూచన మామూలుగా అందింది ఆగస్టు చివర్లో దాని తొలి సవరణ 24.04.1 విడుదలయ్యాకే. తయారుచేసినవారే ఆగుతుంటే మనకెందుకు తొందర?

ఈలోగా ఖాళీ సర్వర్‌పై పరీక్షించండి. తర్వాత కొత్త ఖాతాదారులతో మొదలుపెట్టి, పాత సైట్లను విడతలుగా తరలించవచ్చు. నడుస్తున్న సర్వర్‌ను ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేయడం నాకైతే నచ్చదు, ఏదైనా తేడా వస్తే వెనక్కి రావడం కష్టం.

పాతదానికి భద్రతా అప్‌డేట్లు ఆగిపోయే తేదీని మాత్రం దాటనివ్వకండి. ఉదాహరణకు సెంటాస్ 7 అనే సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అవి 2024 జూన్ 30తో ముగిశాయి.