వానలు తక్కువైన ఊరికి వాన నీళ్ల ప్రాజెక్టా?

ప్రశ్న: మా అమ్మాయి కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ఉంటోందండీ. సముద్రం పక్క ఊరు, వానలు తక్కువ. వాన నీళ్లు పట్టడానికి వాళ్లకి నిధులెందుకు?

జవాబు: తక్కువ కాబట్టేనండీ! పడేదంతా దాదాపు చలికాలంలోనే పడుతుంది, అదీ రోడ్ల మీది నూనె, చెత్త, కుక్కల మలం కడుక్కుంటూ తూముల్లోంచి బీచ్‌కి పోతుంది, అందుకే వాన వెలిశాక మూడు రోజులు సముద్రంలో దిగొద్దని అక్కడ అధికారులు చెబుతారు. ఆ నీటిని ఆపి వాడుకోవాలంటే భూమి కింద ట్యాంకులు, పంపులు, శుద్ధి యంత్రాలు కావాలి. అక్కడి పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటిది) దగ్గరి ట్యాంకులో సుమారు 60 లక్షల లీటర్లు పడతాయి. ఒక్క ఊరు మోయగల ఖర్చు కాదిది.

డబ్బు ఎక్కడిదంటే, శాంటా మోనికా ఉన్న లాస్ ఏంజెలెస్ కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు 2018లో మెజర్ డబ్ల్యూ అనే వాన నీటి పన్ను ప్రతిపాదనని గెలిపించారు. స్థలంలో నీరు ఇంకని ప్రతి చదరపు అడుగుకి ఏటా 2.5 సెంట్లు పన్ను. సిమెంటు వాకిలి ఎంత పెద్దదైతే అంత కట్టాలన్నమాట, నాకైతే ఇది చాలా న్యాయంగా అనిపిస్తుంది. అందులో 40 శాతం నేరుగా ఊళ్లకి, సగం పెద్ద ప్రాంతీయ ప్రాజెక్టులకి. ఆ సగం కోసమే ఊళ్లు పోటీపడి దరఖాస్తులు పెడతాయి.